ముద్ర లోపలి వైపు

బహ్రెయిన్‌లో సల్మాబాద్ యార్డు నుంచి సఖీర్ ఎడారికి అరగంట ప్రయాణం. చలి మొదలవగానే ఒకసారి పోవాలి, ఎండలు ముదిరేలోపు ఒకసారి తిరిగి రావాలి. ఏడాది మొత్తానికి ఆ కారవాన్, అంటే చక్రాల మీది ఇల్లు, కదిలేది ఆ రెండు అరగంటలే. దానికి సరిపోయే నాలుగు టైర్ల కోసం రాజనర్సు పద్దెనిమిది రోజులు తిరిగాడు, ఇద్దరు షాపువాళ్ళతో తగువు పెట్టుకున్నాడు, కడకు తన కొలువుకే ఎసరు పెట్టుకున్నాడు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. మెచ్చుకున్నారు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

రాజనర్సుది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ముప్పై ఒక్క ఏళ్ళ కింద, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడిగా బహ్రెయిన్‌లో దిగాడు. ఊళ్ళో మాత్రం దుబాయిలో ఉన్నాడనే చెప్పుకుంటారు. వాళ్ళ లెక్కన సముద్రం దాటితే వచ్చేదంతా దుబాయే. అప్పట్లో అతనికి దొరికిన వీసా, పదేళ్ళ అనుభవం ఉన్న టైర్ల మెకానిక్కుది. రాజనర్సుకు ఉన్న అనుభవం మెట్‌పల్లి బస్టాండు పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసిన పది నెలలు. "పదేండ్ల అనుభవం నేనేడికెల్లి తేవాలె?" అని ఏడుపుమొహం పెట్టాడు. బొంబాయి ఏజెంటు నవ్వి, అనుభవం తేలేకపోతేనేం, వయసు తెద్దామన్నాడు. తెచ్చాడు. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ పందొమ్మిది వందల నలభై ఏడు, జులై ఒకటి అయింది. ఒక్క కలంపోటుతో మీద ఎనిమిదేళ్ళు వచ్చిపడితే రాజనర్సు బాధపడలేదు సరికదా, పెద్దవాడినైతే పనివాళ్ళ క్యాంపులో నలుగురూ మర్యాద ఇస్తారని సంబరపడ్డాడు. తర్వాత అందరి పాస్‌పోర్టుల్లాగే అదీ ఆఫీసు ఇనప్పెట్టెలోకి పోయింది. సంగతి మరుపున పడింది.

అబద్ధం మీద వచ్చినా పని మాత్రం నిజంగానే నేర్చుకున్నాడు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అబూ ఫహద్‌కు లారీలూ ట్రైలర్లూ అద్దెకిచ్చే యార్డు ఉంది. నలభై బండ్ల టైర్లు రాజనర్సు చేతుల మీదుగా పోవాలి. గేజీ పెట్టకుండా, బూటుకాలితో ఒక్క తాపు తన్ని గాలి ఎంత తక్కువుందో చెబుతాడు. అబూ ఫహద్ మంచివాడు. పనివాళ్ళ కాగితాలు ఆయన ఎప్పుడూ తిరగేసేవాడు కాదు. గేటు దగ్గర డెబ్బై ఏళ్ళు దాటిన వాచ్‌మన్ కునికిపాట్లు పడుతుంటే ఎవరో ఫిర్యాదు చేశారు. "గేటు తీస్తున్నాడా, వేస్తున్నాడా? అయితే ఉండనీ" అని కొట్టిపారేశాడు.

రెండువేల ఏడు నవంబరు అది. డిసెంబరు నెలాఖరుకు రాజనర్సు వీసా అయిపోతుంది. మళ్ళీ రెండేళ్ళకు కొట్టించాలి. చిన్నకొడుకు కరీంనగర్‌లో ఇంజనీరింగు చదువుతున్నాడు, వాడికీ ఇంకా రెండేళ్ళే ఉంది. వాడి చదువూ తన వీసా ఒక్కసారే పూర్తయితే, భార్య చిన్నవ్వ దగ్గరికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చని రాజనర్సు ఆశ. ఎప్పుడూ అడగకుండానే పడే వీసాయే గానీ, ఈసారి యార్డులో పనులు తగ్గాయి, కొందరిని ఇంటికి పంపుతారని పుకారు పుట్టింది. కాబట్టి డిసెంబరులోపు కఫీల్ కళ్ళలో పడే పని ఒకటి చేసి చూపించాలనుకున్నాడు. అనుకున్న వారానికే కారవాన్ వచ్చింది.

దాన్ని ఒక అమెరికన్ దొర దేశం వదిలిపోతూ అబూ ఫహద్‌కు అమ్మాడు. చిన్నపాటి రైలుపెట్టెంత ఉంది. మామూలు కారవాన్లలా బండి వెనక కొక్కేనికి తగిలించేది కాదు. ఫిఫ్త్ వీల్ అంటారు. పికప్ తొట్టి మధ్యలో ఒక ఇనప పళ్ళెం బిగించి, దాని మీద ఈ కారవాన్ ముక్కును కూర్చోబెట్టాలి. వెనక రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. లోపల సోఫాలు, వంటిల్లు, స్నానాలగది. చలికాలంలో సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుని మూడు నాలుగు నెలలు సాయంత్రాలు గడపడం అక్కడి వాళ్ళకు పెద్ద వేడుక. ఈ ఏడాది తన గుడారం పక్కన ఈ రైలుపెట్టె నిలబడితే చుట్టుపక్కల గుడారాలవాళ్ళు ఏమైపోతారో అన్నది అబూ ఫహద్ సంతోషం.

"టైర్లు చూడు, కొత్తవి!" అన్నాడు కఫీల్, టైరు చుట్టూ ఉండే రబ్బరు గట్ల మీద, అంటే బటన్ల మీద, బొటనవేలు నొక్కి. నిజమే, బటన్లు ఒక్క పిసరు కూడా అరగలేదు. "అమెరికా వాడు దీన్ని నడిపిందే లేదు."

పక్కనే ప్రేమయ్య నిలబడి ఉన్నాడు. ప్రేమయ్యది అమలాపురం వైపు. యార్డులో డ్రైవరు, పన్నెండేళ్ళుగా క్యాంపులో రాజనర్సు గదిలోనే ఉంటున్నాడు. ఆ కారవాన్‌ను లాగాల్సింది అతనే. "బంగారంలాంటి టైర్లండి" అని కఫీల్‌కు వంతపాడాడు.

రాజనర్సు టార్చిలైటు అందుకున్నాడు. నేల మీద వెల్లకిలా పడుకుని కారవాన్ కిందికి దూరాడు. లోపలి వైపు నుంచి టార్చిలైటు వేసి చూసి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"ఇది ఏడేండ్ల కిందటి టైరు అర్బాబ్."

కఫీల్ మొహం చిన్నబోయింది. "ఎవరు చెప్పారు?"

"టైరే చెప్తది. దాని మీద నాలుగంకెల ముద్ర ఉంటది. మూడు, ఒకటి, సున్న, సున్న. అంటే రెండువేల సంవత్సరంల ముప్పై ఒకటో వారం పుట్టింది. ఆ ముద్ర ఒక్క దిక్కే కొడ్తరు. షాపోడు హుషారైతే దాన్ని లోపలి దిక్కు పెట్టి బిగిస్తడు, ఎవ్వరికి కనబడదు. ఇగో, ఈ నాలుగింటికి గట్లనే చేసిన్రు."

ఈ మాటలన్నీ అతను చెప్పింది యార్డు భాషలో, అంటే సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులతో. అయినా కఫీల్‌కు బాగానే ఎక్కింది. ఎక్కినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

"పుడితే పుట్టింది. నడవలేదు కదా! బటన్ చూడు!"

"బటన్ మోసం చేస్తది అర్బాబ్. లారీ టైరు నడిచి నడిచి అరిగి సస్తది. కారవాన్ టైరు నిలవడి సస్తది. ఎండకు లోపల్నే ఎండుకపోతది. పైకి పెండ్లికొడుకు లెక్కనే ఉంటది." ఇనప రిమ్ము దగ్గర టైరు పక్కను గట్టిగా వంచి చూపించాడు. వెంట్రుకల్లాంటి బీటలు చుట్టూ కనబడ్డాయి. "ఇది రోడ్డు మీద పేలిందనుకో, నీ కారవాన్ ఒక్కటే పోదు. ముందల పికప్‌ల మా ప్రేమయ్య ఉంటడు."

ప్రేమయ్య బంగారం మాట వెంటనే వెనక్కి తీసుకున్నాడు. "పీకించేయండన్నా, పీకించేయండి. నాకు పిల్లలున్నారు."

అబూ ఫహద్ కాసేపు మీసం సవరించుకున్నాడు. ఆయనకు కొత్త విషయం తెలుసుకోవడమంటే మహా ఇష్టం, తెలిసినదాన్ని పదిమందికి చెప్పడం అంతకంటే ఇష్టం. "యల్లా, నువ్వే చూసి తీసుకురా. నేనూ వస్తాను" అన్నాడు. ఇంకేం, రాజనర్సు కోరుకున్నదే చేతికొచ్చింది. కఫీల్ పక్కన ఏసీ కారులో కూర్చుని టైర్ల షాపులు తిరగడమంటే డిసెంబరు వీసా సగం పడ్డట్టే.

ముందు బరువు తేల్చాలన్నాడు రాజనర్సు. కారవాన్ ఖాళీగా ఎంత తూగుతుందో కాగితంలో ఉంది కానీ, ఎడారికి ఖాళీగా పోతుందా? నీళ్ళ ట్యాంకు నింపించాడు, జనరేటరు ఎక్కించాడు, రెండు ఫ్రిజ్‌లు, తివాచీలు, కఫీల్ అత్తగారి ఊయల కుర్చీతో సహా అన్నీ పెట్టించాడు. పాత టైర్లకు భయపడుతూనే ప్రేమయ్య వీధి చివర ఇసుక లారీలు తూచే కాటాదాకా నత్తనడకన లాక్కెళ్ళాడు. ఆరు టన్నులు తూగింది. అందులో ఐదో వంతు పికప్ తొట్టి మోస్తుంది, మిగిలింది నాలుగు టైర్లు పంచుకోవాలి. ఒక్కోదాని మీద పన్నెండువందల కిలోలు. "పన్నెండువందలు పడితే పదిహేనువందలు మోసేది పెట్టాలె. సరిగ్గ సరిపోయేది పెడ్తే అది మోసుడు కాదు, ప్రాణం బిగవట్టుకునుడు" అని తేల్చాడు. కఫీల్ ఆ మాటను ఒక చీటీ మీద రాసుకున్నాడు.

మొదటి షాపువాడు పికప్ టైర్లు చూపించాడు. సైజు అదే, మోసే బరువూ దాదాపు అంతే, ధర తక్కువ. కఫీల్ కళ్ళు మెరిశాయి. రాజనర్సు తల అడ్డంగా ఊపాడు. కారవాన్‌కు రెండిరుసులు పక్కపక్కనే ఉంటాయి, బండిని మలుపు తిప్పినప్పుడు టైర్లు తిరగవు, నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతాయి. దానికి పక్కలు గట్టిగా ఉండే ట్రైలరు టైరే కావాలి. షాపువాడికి ఆ సంగతి తెలియదు. తెలియనందుకు కాక, కఫీల్ ముందు తెలియలేదని బయటపడినందుకు కోపమొచ్చి అరిచాడు. అది మొదటి తగువు.

రెండో షాపు ఖుర్రం అని ఒక పంజాబీ వాడిది. మాటకారి. అతని దగ్గర అసలైన ట్రైలరు టైర్లే ఉన్నాయి, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. అబూ ఫహద్ తృప్తిగా కుర్చీలో కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. రాజనర్సు కాగితం చింపి, టైరును దొర్లించి దొర్లించి ముద్ర పట్టుకున్నాడు. రెండువేల మూడు.

"నాలుగేండ్లయింది దీనికి."

"అరే ఉస్తాద్!" ఖుర్రం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తేదీ ఉంటే ఏంటి? నాలుగేళ్ళూ ఏసీ గోదాములో పడుకుంది. ఎండ మొహం చూడలేదు. దీని అసలు వయసు ఏడాది కూడా ఉండదు. పైన రాసింది వేరు, లోపల ఉన్నది వేరు. నా మాట నమ్ము."

అప్పుడు రాజనర్సు తన జీవితంలోకెల్లా గొప్ప మాట ఒకటి అన్నాడు. కఫీల్ వింటున్నాడని తెలిసి, కాస్త గొంతు పెంచి మరీ అన్నాడు.

"అమ్మెటోడు ఎప్పుడైనా తక్కువ వయసే చెప్తడు భాయ్. నోటి మాటకు సాక్ష్యం లేదు. ముద్ర ముద్రే."

అబూ ఫహద్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఖుర్రం వైపు చూసి, "విన్నావా? ముద్ర ముద్రే. ఖలాస్" అని లేచాడు. వెనక నుంచి ఖుర్రం పంజాబీలో ఏవేవో అన్నాడు, అవి రాజనర్సుకు అర్థం కాలేదు, కఫీల్‌కు అక్కర్లేదు. కారులో కూర్చున్నాక కూడా కఫీల్ ఆ మాటే రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. రాజనర్సు గాల్లో తేలిపోతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతని మాట ఎవరూ అలా రుచి చూడలేదు.

చివరికి టైర్లు మీనా సల్మాన్ రేవులో దిగిన కంటెయినర్లోంచి వచ్చాయి. ముద్ర ఆ ఏడాదిదే, ఇరవై రెండో వారం. ఒక్కోటి పదిహేనువందల కిలోలకు పైగా మోస్తుంది. రాజనర్సు తనే దగ్గరుండి బిగించాడు, నాలుగింటి ముద్రలూ బయటి వైపుకే పెట్టి, వాటి మీద తెల్లరంగు పూశాడు. సఖీర్‌లో ఎవరొచ్చినా వంగి చదువుకోవచ్చు. పాత టైర్లను కోసేయమని, లేకపోతే ఎవడో ఒకడు మళ్ళీ ఏ కారవాన్‌కో బిగిస్తాడని ప్రేమయ్యకు గట్టిగా చెప్పాడు. ప్రేమయ్య "ఆయ్" అన్నాడు గానీ మనసొప్పలేదు. ఇంట్లో చిరిగిన గోనెసంచి కూడా పారేయని వాడు. రెండింటిని కోసి, రెండింటిని యార్డు వెనక పాత కంటెయినరు చాటున దాచాడు.

కారవాన్ ఎడారికి క్షేమంగా చేరింది. అబూ ఫహద్ గుడారానికి రోజూ చుట్టాలు వచ్చేవారు. ఆయన వాళ్ళకు ముందు సోఫాలు కాదు, టైర్లు చూపించేవాడు. ముద్ర ఎలా చదవాలో నేర్పేవాడు. "నా దగ్గర రాజనర్సు అని ఒక ఉస్తాద్ ఉన్నాడు" అని మొదలుపెట్టి, ఖుర్రం నోరు మూయించిన సంగతి చెప్పి, ముద్ర ముద్రే అని ముగించేవాడు. చుట్టాలు పార్కింగుకు పోయి తమ కార్ల టైర్లు చూసుకుని దిగులుపడేవారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కఫీల్‌కు ముద్రల పిచ్చి తలకెక్కింది. ఇంట్లో మందుల సీసాలు, పెరుగు డబ్బాలు, మంచి రుచిగా ఉన్న హల్వా డబ్బా కూడా తేదీ చూసి పారేయించాడు. తర్వాత యార్డు మీద పడ్డాడు. నిప్పార్పే సిలిండర్లు మార్పించాడు, తలకు పెట్టుకునే టోపీలు మార్పించాడు, బాగానే నడుస్తున్న ఒక జాకీని తుక్కులో వేయించాడు. రాజనర్సుకు ఇదంతా మహా ముద్దుగా ఉంది. శిష్యుడంటే ఇలా ఉండాలి అని రాత్రి భోజనాల దగ్గర ప్రేమయ్యతో అన్నాడు.

"ఏమోనన్నా, నాకెందుకో భయంగా ఉంది" అన్నాడు ప్రేమయ్య. "నిన్న నా వంక కిందనుంచి పైదాకా చూశారు ఆయన. తేదీ వెతుకుతున్నట్టే చూశారు."

డిసెంబరు రెండో ఆదివారం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. రాజనర్సు ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. వీసాతో పాటు ఫోర్‌మన్ పదవి కూడా ఇస్తారేమోనని దారిలో ఒక ఆలోచన వచ్చింది, సిగ్గుపడి దాన్ని పక్కకు నెట్టాడు. కఫీల్ బల్ల మీద పాస్‌పోర్టులు దొంతరగా పేర్చి ఉన్నాయి. పక్కన కాగితాలు చూసే షంషుద్దీన్ తలొంచుకుని నిలబడ్డాడు. షంషుద్దీన్‌ది నిజామాబాద్, రాజనర్సుకు పాత స్నేహితుడు. అతను తలెత్తకపోవడం చూసి రాజనర్సు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రా రా, ఉస్తాద్!" కఫీల్ లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. "నువ్వు నా కళ్ళు తెరిపించావు. ఇన్నేళ్ళు నేను మనుషుల బటన్ చూశాను. చెయ్యి ఆడుతోంది, కాలు ఆడుతోంది, చాలు అనుకున్నాను. ఇప్పుడు ముద్ర చూస్తున్నాను. అరవై దాటితే ఖలాస్, గౌరవంగా ఇంటికి. రోడ్డు మీద పేలాక ఏడ్చి ఏం లాభం? వాచ్‌మన్‌ను కూడా పంపుతున్నాను." అని ఒక పాస్‌పోర్టు తెరిచాడు. "నీ ముద్ర నలభై ఏడు, జులై. అరవై నిండి ఐదు నెలలయింది. మాషాఅల్లా, చూస్తే తెలియనే తెలియదు!"

రాజనర్సు వంగి చూశాడు. జులై ఒకటిని అతను ముప్పై ఏళ్ళ తర్వాత పరీక్షగా చూడటం అదే. చూసి గుర్తుపట్టలేకపోయాడు.

"అర్బాబ్, అది తప్పు. నాకు అరవై లేవు. యాభై రెండే."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్న. నా వయసు నాకెర్క గద! అప్పట్ల ఏజెంటు ఎక్కువ రాయించిండు. వీసా కోసం. దేవుని మీద ఒట్టు, అది నా వయసు కాదు."

కఫీల్ కాసేపు అతని వైపు చూసి, పకపకా నవ్వాడు. కోపం లేదు, వెక్కిరింత లేదు. ఒక మంచి హాస్యం విన్నవాడి నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "ఖుర్రం ఏమన్నాడు? ఏసీ గోదాములో ఉంది, అసలు వయసు ఏడాదే, పైన రాసింది వేరు, లోపల ఉన్నది వేరు. నువ్వేమన్నావు?"

రాజనర్సు షంషుద్దీన్ వైపు చూశాడు.

"చెప్పు ఉస్తాద్, షంషుద్దీన్ వినలేదు."

"ముద్ర ముద్రే అన్న, అర్బాబ్."

"అదీ!"

రాజనర్సు ఆఖరి ప్రయత్నం చేశాడు. బయట లారీ చక్రం ఉంది, ఒక్కడినే ఎత్తి చూపిస్తాను, ఇరవై ఏళ్ళ వాళ్ళను కూడా నిలబెట్టు, ఎవరు ముందు ఎత్తుతారో చూడు అన్నాడు.  కఫీల్ అతని భుజం మీద ప్రేమగా చెయ్యి వేశాడు. ఎత్తగలవని నాకు తెలుసు, బటన్ బాగానే ఉంది, బటన్ మోసం చేస్తుందని నువ్వే కదా చెప్పావు అన్నాడు. రావలసిందంతా ఇప్పిస్తానన్నాడు, విమానం టికెట్టు ఇస్తానన్నాడు, అక్కడికక్కడే తన చేతి గడియారం విప్పి రాజనర్సు చేతికి పెట్టాడు. అంత మంచిగా పంపించేస్తుంటే తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

బయటికొచ్చాక షంషుద్దీన్‌ను వరండాలో పట్టుకున్నాడు.

"షంషు భాయ్, ఏదన్న తొవ్వ చూడు. నిజం వయసు రాయించుకోవాలె, గంతే."

షంషుద్దీన్ నిట్టూర్చాడు. "నర్సు భాయ్, నేను మస్తు ఆలోచన చేసిన. తేదీ మార్చాలంటే పుట్టిన సర్టిఫికెట్ గావాలె. ఉన్నదా నీ తాన?"

"మా ఊర్ల అప్పట్ల సర్టిఫికెటేంది? నేను పుట్టిన నాడు చెరువు తెగిందని మాయమ్మ చెప్తది, గంతే."

"గదే మరి. అయితే ఎవన్నో పట్టి దొంగ సర్టిఫికెట్ చేపియ్యాలె."

రాజనర్సు నోరు తెరిచాడు. "అబద్ధానికి ఏజెంటు ఒక్క పైస అడగకుంట రాసిండు. నిజానికి దొంగ కాయితం గావాల్నా?"

"ఔ మల్ల. అది కూడ మూడు నెల్లయితది. నీ వీసా ఇరవై రెండు రోజులల్ల అయిపోతది."

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేశాడు. మొత్తం చెప్పాడు.  చిన్నవ్వను ఓదార్చబోయి ఒక మాటన్నాడు: కొడుకు చదువు ఆగద్దు, ఏదో ఒకటి చేద్దాం, అరవై దాటితే సర్కారు ముసలోళ్ళకు పింఛనీ ఇస్తుందట, కాగితం మీద ముసలివాడినే అయ్యాను కాబట్టి కనీసం అదన్నా వస్తుందేమో కనుక్కో అన్నాడు. సగం నవ్వులాటకే అన్నాడు. చిన్నవ్వ నవ్వులాటలు ఎరగదు. మర్నాడే మండలాఫీసుకు పోయి అడిగి వచ్చింది.

"ఇయ్యరట" అంది ఫోనులో. "రేషన్ కార్డుల నీకు యాభై రెండే ఉన్నయట. ఇంక మస్తు ఏండ్లు ఆగాల్నట. గట్టిగున్నోనికి పింఛనేందమ్మా, పని చేసుకొమ్మను అని మొకం మీదనే అన్నరు."

"నువ్వు చెప్పకపోయినవా, పాస్‌పోర్టుల అరవై ఉన్నదని?"

"చెప్పిన. అది దుబాయి కాయితం, ఇక్కడ చెల్లదన్నరు." ఆమె గొంతు మెత్తబడింది. "నువ్వు రాయ్యా. ఇన్నేండ్లు నాకు మొగడు ఫోన్ల తప్ప కనవడలే. యాభై రెండో అరవయ్యో, నేను ముద్ర జూస్తనా?"

రాజనర్సు ఫోను పెట్టేసి, క్యాంపు గోడ పక్కన కూర్చుని ఏడ్చాడు. అతను ఏడవడం ప్రేమయ్య పన్నెండేళ్ళలో చూడలేదు. పక్కన కూర్చుని, వచ్చే శుక్రవారం చర్చి కూటంలో నీకోసం ప్రార్థన చేయిస్తానన్నా అన్నాడు. "చేపియ్యి తమ్మీ. కానీ వయసు చెప్పకు" అన్నాడు రాజనర్సు ముక్కు చీదుకుంటూ.

విమానం ముప్పయ్యో తేదీన. దానికి రెండు రోజుల ముందు కఫీల్ ఒక చివరి పని చెప్పాడు. ఎడారిలో గుడారాల నుంచి కారవాన్‌దాకా నీళ్ళు మోయడానికి ఒక తోపుడు ట్రాలీ కావాలి. రెండు చక్రాలు, మీద డ్రమ్ము. మంచి టైర్లు చూసి నీ చేతులతోనే బిగించు, నీ గుర్తుగా ఉంటుంది అన్నాడు. ఇనుము అతికించే పని అయిపోయింది. టైర్ల దగ్గర రాజనర్సు ఆలోచిస్తుంటే, ప్రేమయ్య మెల్లగా కంటెయినరు చాటుకు పోయి రెండు టైర్లు దొర్లించుకుంటూ వచ్చాడు. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. బటన్లు నిగనిగలాడుతున్నాయి.

"కొయ్యమంటె కొయ్యలేదా?"

"మనసు రాలేదన్నా. తిట్టకు."

రాజనర్సు తిట్టలేదు. ఒక టైరును ఒళ్ళో పెట్టుకుని, గుడ్డతో తుడిచాడు. పక్కలు వంచి ఆ బీటలే మళ్ళీ చూశాడు. ఆరు టన్నుల కారవాన్ కింద, తారు రోడ్డు మీద ఇది పేలేదే, అందులో అనుమానం లేదు. ఇసుకలో మనిషి నడిచినంత మెల్లగా ఒక నీళ్ళ డ్రమ్ము మోయడానికి ఇంకో పదేళ్ళు నిలుస్తుంది. అందులోనూ అనుమానం లేదు.

"అర్బాబ్‌కు నేను సగమే చెప్పిన తమ్మీ" అన్నాడు. "ముద్ర చూడాలని చెప్పిన. ఏ పనికి పెడ్తున్నమో అది గూడ చూడాలని చెప్పకపోతి. గప్పుడు గది చెప్తే నా మాటకు బరువు తగ్గుతదనుకున్న."

ప్రేమయ్య రిమ్ములు తెచ్చి ఇచ్చాడు. రాజనర్సు రెండు టైర్లనూ ఎక్కించి, ట్రాలీకి బిగించడం మొదలుపెట్టాడు. ప్రేమయ్య వంగి చూసి, "అన్నా, ముద్ర లోపలి వైపుకు పోయింది. తిప్పి బిగించవా?" అన్నాడు.

"ఉండనీ. దాని వయసు దానికెర్క. ఊరందరికి చూపెట్టుడెందుకు?"

ఆఖరి నట్టు బిగిస్తుండగా అబూ ఫహద్ కారు వచ్చి ఆగింది. దిగి, ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. అలవాటుగా ఒక చక్రం దగ్గర కూర్చుని ముద్ర కోసం వెతికాడు. కనబడలేదు. లోపలి వైపు చూడాలంటే నేల మీద పడుకోవాలి, ఆయన వేసుకున్న కాళ్ళదాకా వేలాడే తెల్ల తోబు అప్పుడే ఇస్త్రీ చేసింది.

"ఎప్పటివి ఇవి, ఉస్తాద్?"

రాజనర్సు స్పానరు తుడుచుకుంటూ, ఆయన కళ్ళలోకి సూటిగా చూశాడు.

"కొత్తయే అర్బాబ్."

అబూ ఫహద్ బొటనవేలితో బటన్ నొక్కి చూశాడు. గట్టిగా, లోతుగా, ఒక్క పిసరు అరగకుండా ఉంది. తల ఊపాడు.

"అవును, చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. ఈసారి వెంటనే నమ్మాడు.